కొండంతా ఒక్క పిట్ట కోసం

ఫేమస్ గ్రౌస్ అనే స్కాచ్ సీసా మనవాళ్ళలో చాలామందికి తెలుసు. డ్యూటీ ఫ్రీలో కొని సూట్‌కేసులో బట్టల మధ్య పదిలంగా చుట్టి తెచ్చే సీసాల్లో అదొకటి. లేబుల్ మీద ఇటుక రంగు పిట్ట ఒకటి ఛాతీ విరుచుకుని నిలబడి ఉంటుంది. స్కాట్లండ్‌లోని పెర్త్ ఊళ్ళో మాథ్యూ గ్లోగ్ అనే వ్యాపారి 1890ల్లో తన విస్కీకి ఈ పిట్ట పేరు పెట్టాడు. ఆ రోజుల్లో ఆగస్టు వచ్చిందంటే దొరలు, వాళ్ళ స్నేహితులు, నౌకర్లు అందరూ లండన్‌లో రైలెక్కి ఈ పక్షిని కాల్చటానికే ఉత్తరాదికి తరలివచ్చేవాళ్ళు. వాళ్ళకు సరుకు అమ్మాలనుకున్న వ్యాపారి అంతకన్నా మంచి బొమ్మ ఇంకేం వెతుక్కుంటాడు?

ఆ పక్షి రెడ్ గ్రౌస్. నేను ఉండేది ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్ వైపు. ఇంటి నుంచి కాస్త దూరం కారులో పోతే అది బతికే కొండలు మొదలవుతాయి. ఏళ్ళ తరబడి ఆ కొండల మీద నడిచి, దాని గురించి దొరికిందల్లా చదివాక నాకొక అభిప్రాయం గట్టిపడింది. ఒక ప్రాణిని కాల్చటానికి సరిపడా సంఖ్యలో పెంచుతూ, దానికే సంరక్షణ అని పేరు పెట్టటం తప్పు. గ్రౌస్ కొండల యజమానులు తాము చేస్తున్నది ప్రకృతి సంరక్షణే అంటారు. అందులో కొంత నిజముంది, ఆ నిజాన్నీ ఇక్కడ రాస్తాను. అయినా మొత్తం మీద ఆ వాదన నిలబడదని నా నమ్మకం.

ముందు పక్షి సంగతి. మన నాటు పెట్టకన్నా చాలా చిన్నది, బరువు ఆరేడు వందల గ్రాములు. ఒళ్ళంతా ముదురు ఎరుపు, గోధుమ రంగు కలిసిన ఈకలు. పుంజుకు కంటి పైన ఎర్రటి తోలు కనుబొమలా ఉంటుంది. కాళ్ళకు, వేళ్ళకు కూడా తెల్లటి మెత్తటి ఈకలుంటాయి. దీని శాస్త్రీయ నామంలోని లాగోపస్ అనే మాటకు గ్రీకులో కుందేలు పాదం అని అర్థం. నార్వే, స్వీడన్, రష్యాల్లో ఉండే దీని దాయాది పక్షి చలికాలం రాగానే మంచులో కలిసిపోయేలా తెల్లబడుతుంది. బ్రిటన్, ఐర్లండ్ దీవుల్లో ఉండే ఇది మాత్రం ఏడాది పొడుగునా ఎర్రగానే ఉంటుంది. అందుకే జాన్ లేథమ్ అనే పక్షి శాస్త్రవేత్త 1787లో దీన్ని స్కాట్లండ్ పేరు మీద వేరే జాతిగా లెక్కగట్టాడు. తర్వాతి తరాల వాళ్ళు కాదు, ఉపజాతి మాత్రమే అన్నారు. ఈ మధ్య జన్యువులు చూసినవాళ్ళు కొందరు మళ్ళీ వేరే జాతే అంటున్నారు.

దీని బతుకంతా హెదర్ మీదే. హెదర్ అంటే మోకాలి ఎత్తు కూడా దాటని చిన్న గుబురు పొద. చెట్లు లేని ఆ కొండల మీద, కోసుల కొద్దీ అదే పరుచుకుని ఉంటుంది. మిగతా నెలల్లో గోధుమ, నలుపు కలిసిన రంగులో నిస్తేజంగా కనిపించే కొండ ఆగస్టులో ఒక్కసారిగా ఊదా పూలతో నిండిపోతుంది. పిల్లలుగా ఉన్న కొద్ది వారాలు గ్రౌస్ పురుగులు తింటుంది. ఆ తర్వాత చచ్చేదాకా హెదర్ చిగుళ్ళే ప్రధానమైన తిండి. వంగి ఒక రెమ్మను దగ్గరగా చూస్తే చిగురు కొసలు ముక్కుతో తుంచిన గుర్తులు వరసగా కనిపిస్తాయి. పక్కనే నేల మీద ఎండిన రెట్టలు కుప్పగా ఉంటాయి, వేలితో నలిపితే పీచు పీచుగా రాలిపోతాయి. అంత పీచును అరిగించుకోవటానికి దాని కడుపులో రెండు పొడవాటి మూసుకుపోయిన పేగులున్నాయి. కందనకాయలో ఆ చిగుళ్ళను నూరటానికి పలుగురాయి పలుకులు ఏరుకుని మింగుతుంది. ఈ పలుగురాళ్ళ సంగతి గుర్తుంచుకోండి, కథలో ఇవి మళ్ళీ వస్తాయి.

మనం నడుస్తుంటే అది దాదాపు మన కాలి కింద దాకా కదలదు. ఉన్నట్టుండి టపటపా రెక్కలు కొట్టుకుంటూ లేచి, నేలకు కాస్త ఎత్తులోనే దూసుకుపోయి, దూరాన దిగాక అరుస్తుంది. ఆ అరుపు 'గో బ్యాక్, గో బ్యాక్, గో బ్యాక్' అన్నట్టు ఉంటుందని ఇక్కడ పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా అందరూ చెబుతారు. నిజంగానే అలాగే వినిపిస్తుంది.

ఇక పేర్లు. ఈ కొండల్లో ముందు నుంచీ ఉన్న జనం పెట్టిన పేర్లన్నిటిలోనూ పొద ఉంది. స్కాట్లండ్ గేలిక్‌లో పుంజును కొయ్‌లఖ్ ఫ్రూయిహ్ అంటారు, హెదర్ పుంజు అని. పెట్ట హెదర్ పెట్ట. ఐరిష్ వాళ్ళదీ అదే మాట. వేల్స్ భాషలో గ్రీగ్ అంటే హెదర్, యార్ అంటే కోడి, రెండూ కలిపి గ్రిగ్యార్ అన్నారు. స్కాట్స్ మాట్లాడే పల్లెల్లో మ్యూర్‌ఫౌల్, అంటే ఆ బీడు కొండ పక్షి. పాత ఇంగ్లిష్ పుస్తకాల్లో మూర్‌కాక్, గోర్‌కాక్, రెడ్ గేమ్ అని రకరకాలుగా కనిపిస్తుంది. చివరికి అన్నిటినీ తోసేసి నిలిచిన 'గ్రౌస్' 16వ శతాబ్దం నుంచి రాతల్లో ఉంది. అది ఏ భాష నుంచి వచ్చిందో నిఘంటువులు రాసేవాళ్ళు ఇప్పటికీ తేల్చలేదు. మరీ ఎత్తైన శిఖరాల మీద ఉండే దీని చుట్టం టార్మిగన్ కథ ఇంకోరకం. గేలిక్‌లో టార్మఖన్ అనే ఆ పేరును 1684లో రాబర్ట్ సిబ్బల్డ్ అనే వైద్యుడు గ్రీకు మాట అనుకున్నట్టుగా రాస్తూ ముందు ఒక 'పి' తగిలించాడు. పలకని ఆ అక్షరాన్ని మూడు వందల ఏళ్ళకు పైగా లోకమంతా మోస్తోంది.

హెదర్ కోడి అనే పేరు నాకు తెలిసినప్పుడు మొదట మనసులో మెదిలింది కడప జిల్లా కలివికోడి. కలివి పొదల్లో తిరిగే పక్షి కాబట్టి అక్కడి జనం దాన్నలా పిలిచారు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జెర్డాన్ 1848లో దాన్ని శాస్త్రలోకానికి చూపిస్తే, పుస్తకాల్లో అది జెర్డాన్ గారి పక్షి అయింది. 1900 తర్వాత కనిపించకపోయేసరికి అంతరించిపోయిందని అందరూ రాసేశారు. 1986లో సిద్దవటం దగ్గర అది మళ్ళీ దొరికిందంటే, ఆ ముళ్ళపొదల్లో తిరిగే స్థానికులకు అది తెలుసు కాబట్టే. ఆ పొదలను కాపాడటం కోసం తర్వాత తెలుగుగంగ కాలువ దారినే మార్చాల్సి వచ్చింది. కలివికోడిని కాపాడాలంటే పొదను కాపాడాలన్న సంగతి జనం పెట్టిన ఆ పేరులోనే ఉంది. గేలిక్, వేల్స్ రైతులు పెట్టిన పేరూ అదే చెబుతోంది.

చట్టం పెట్టిన పేరు వేరు. 1831లో ఇంగ్లండ్, వేల్స్‌లకు వచ్చిన వేట చట్టం మొదట్లోనే 'గేమ్' అంటే ఏవేవో జాబితా ఇచ్చింది: కుందేళ్ళు, ఫెజెంట్లు, పార్ట్రిడ్జిలు, గ్రౌస్, బీడు కొండల పక్షులు, నల్ల గ్రౌస్, బస్టర్డ్‌లు. అంటే కాల్చటానికి హక్కు ఉన్నవాడు మాత్రమే కాల్చాల్సినవి. ఈ జాబితాలో చివరి పేరు చూడండి. బస్టర్డ్ అంటే మన రోళ్లపాడు బట్టమేక పిట్టకు దగ్గరి బంధువు. చట్టం వచ్చిన కొద్ది ఏళ్ళకే బ్రిటన్‌లో దాని గూళ్ళు కరువైపోయాయి, 19వ శతాబ్దం సగం గడిచేసరికి ఈ దేశపు పక్షిగా అది లేదు. వేట జాబితాలో చోటు దక్కటం దాన్ని కాపాడలేదు. గ్రౌస్ మిగిలింది కదా అంటారేమో. మిగిలింది, ఎందుకంటే దాని మీద డబ్బు పెట్టినవాళ్ళు ఉన్నారు. ఆ డబ్బు కొండను ఏం చేసిందన్నదే నా ప్రశ్న.

స్కాట్లండ్‌లో ఆగస్టు 12న వేట మొదలై డిసెంబరు 10న ముగియాలని 1770ల నాటి చట్టమే చెప్పింది. ఇంగ్లండ్‌లోనూ అవే తేదీలు, ఇవాళ్టికీ అవే. ఆగస్టు 12ను ఇక్కడ 'గ్లోరియస్ ట్వెల్ఫ్త్' అంటారు. మొదట్లో వేట అంటే కుక్కను వెంటబెట్టుకుని, తుపాకీ భుజాన వేసుకుని, రోజంతా కొండలెక్కి దిగి కొన్ని పిట్టలు కొట్టుకుని రావటం. విక్టోరియా రాణి కుటుంబం 1852లో బాల్మోరల్ కొనటంతో స్కాట్లండ్ కొండలు ఫ్యాషన్ అయ్యాయి. రైళ్ళు వచ్చాయి. గొట్టం వెనక నుంచి తూటా పెట్టే కొత్త తుపాకులు వచ్చాయి, చకచకా కాల్చటం కుదిరింది. ఇక నడవాల్సిన పని లేకుండా పోయింది. కొండ అడ్డంగా రాతిగోడలతో, గడ్డిపెళ్ళలతో నడుము లోతు గుంటలు వరసగా కట్టారు. వాటిని బట్స్ అంటారు. తుపాకీ పట్టినవాళ్ళు అందులో నిలబడతారు. అవతలి నుంచి జెండాలు పట్టుకున్న మనుషులు బారులు తీరి పిట్టలను లేపి అటు తోలుతారు. దీనికే డ్రైవెన్ షూటింగ్ అని పేరు.

ఈ పద్ధతికి పిట్టలు కొన్ని ఉంటే చాలదు, వందల్లో ఉండాలి. లెక్క ఎంత దూరం పోయిందో రెండు సంఖ్యలు చెబుతాయి. 1888 ఆగస్టు 30న మా యార్క్‌షైర్‌లోనే, బ్లబ్బర్‌హౌసెస్ మూర్ మీద వాల్సింగ్‌హామ్ ప్రభువు ఒక్కడే పగలంతా నిలబడి 1,070 గ్రౌస్‌లను కాల్చాడు. ఆయనే చిన్న చిన్న చిమ్మటల మీద జీవితమంతా పనిచేసిన పేరున్న కీటక శాస్త్రవేత్త కూడా. 1915 ఆగస్టు 12న, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, లాంకాషైర్‌లోని అబీస్టెడ్ దగ్గర ఎనిమిది మంది కలిసి ఒకే రోజు 2,929 కొట్టారు. ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఈ లెక్కలన్నీ పిట్టల్లో ఉండవు, జతల్లో ఉంటాయి, బ్రేస్ అని. ఒక కొండ విలువను అమ్మకానికి పెట్టినప్పుడు కూడా ఏడాదికి సగటున ఎన్ని జతలు పడతాయన్నదే అడుగుతారు. హెదర్ కోడి ఆ కొండ పొలానికి దిగుబడిగా మారిపోయింది.

జనానికి ఏం జరిగిందో కూడా చెప్పాలి. పిట్టలు బెదురుతాయని కొండల మీదికి ఎవరినీ రానిచ్చేవాళ్ళు కాదు. మాంచెస్టర్, షెఫీల్డ్ మిల్లుల్లో, వర్క్‌షాపుల్లో వారమంతా పొగలో పనిచేసే కుర్రాళ్ళకు ఆదివారం కళ్ళెదురుగా కనిపించే కొండ ఎక్కే హక్కు లేదు. 1932 ఏప్రిల్ 24న బెన్నీ రోత్‌మన్ లాంటివాళ్ళు వందల మందిని వెంటబెట్టుకుని కిండర్ స్కౌట్ అనే కొండ ఎక్కారు. కాపలా కాసే గేమ్‌కీపర్లతో తోపులాట జరిగింది. ఐదుగురిని జైల్లో వేశారు. ఇవాళ నాలాంటి వాడు ఎవరి అనుమతీ అడక్కుండా ఆ కొండల మీద తిరుగుతున్నాడంటే వాళ్ళ పుణ్యమే. ఆ హక్కు చట్టంగా రావటానికి 2000 సంవత్సరం దాకా పట్టింది.

పిట్టలను ఒకేచోట కిక్కిరిసేలా పెంచితే రోగం వస్తుంది. కోళ్ళఫారం పెట్టిన ఎవరినడిగినా చెబుతారు. గ్రౌస్ పేగుల్లో సన్నటి నులిపురుగు ఒకటుంటుంది. పిట్టలు పెరిగినకొద్దీ పురుగులూ పెరిగి, కొన్నేళ్ళకోసారి కొండకు కొండే ఖాళీ అయ్యేది. తుపాకుల వాళ్ళకు ఇది పెద్ద దిగులు. 1905లో లొవాట్ ప్రభువు ఆధ్వర్యంలో దీని మీద విచారణ సంఘం వేశారు. పిట్టలను కోసి చూసే పని ఎడ్వర్డ్ విల్సన్ అనే వైద్యుడికి అప్పగించారు. కెప్టెన్ స్కాట్‌తో దక్షిణ ధ్రువానికి వెళ్ళి, తిరుగుదారిలో 1912లో అదే గుడారంలో చనిపోయిన విల్సన్ ఈయనే. స్కాట్లండ్ రైళ్ళలో, సత్రాల్లో, ఎక్కడ కుదిరితే అక్కడ గ్రౌస్ పేగులు విప్పుతూ గడిపాడు. మంచి చిత్రకారుడు కూడా కావటంతో ఆ పక్షి ఈకలు కాలాన్నిబట్టి ఎలా మారతాయో రంగుల్లో వేసిపెట్టాడు. ఆ నివేదిక 1911లో అచ్చయ్యేనాటికి ఆయన అంటార్కిటికాలో ఉన్నాడు. దోషి ఆ పురుగేనని తేల్చిన శ్రమలో పెద్ద భాగం ఆయనదే.

సంఖ్య ఎందుకలా పడుతూ లేస్తూ ఉంటుందన్న దాని మీద శాస్త్రవేత్తల మధ్య ఆ తర్వాత కూడా పెద్ద చర్చ నడిచింది. స్కాట్లండ్‌లో దశాబ్దాల పాటు పనిచేసిన ఆడమ్ వాట్సన్, రాబర్ట్ మోస్ పుంజుల మధ్య జాగా కోసం జరిగే పోట్లాటలే అసలు కారణమన్నారు. ఉత్తర ఇంగ్లండ్‌లో పీటర్ హడ్సన్ బృందం పక్షులను పట్టుకుని పురుగుల మందు తాగించి వదిలితే, సంఖ్య కుప్పకూలటం ఆగింది. 1998లో ఆ ఫలితం అచ్చయింది. రెండు వైపులా గట్టి పనే. కొండ యజమానులు మాత్రం తమకు పనికొచ్చేదాన్ని పట్టుకున్నారు. ఇక్కడికే వస్తాయి పలుగురాళ్ళు.

ఈ కొండల మీద దారి వదిలి కాస్త పక్కకు పోతే, హెదర్ మధ్యలో చిన్న చెక్కపెట్టెలు, లేదా తిరగేసిన గడ్డిపెళ్ళ మీద గుప్పెడు తెల్లటి పలుకులు కనిపిస్తాయి. చేతిలోకి తీసుకుంటే జిడ్డుగా తగులుతాయి. పలుగురాయి పలుకులకు కొవ్వుతో కలిపి పురుగుల మందు, ఫ్లూబెండజోల్, పట్టించి పెడతారు. పిట్ట తన కందనకాయ కోసం రాళ్ళు ఏరుకుంటే దానితోపాటు మందూ లోపలికి పోతుంది. కొన్ని పెట్టెలకు రెండు అరలుంటాయి, ఒకదాంట్లో మందు రాళ్ళు, రెండోదాంట్లో మామూలువి. వేటకు 28 రోజుల ముందు మందు అర మూసేయాలి, ఎందుకంటే ఆ మాంసం మనుషులు తింటారు. ఆ పెట్టె చూసిన ప్రతిసారీ నాకు ఒకటే అనిపిస్తుంది. దీన్ని అడవి పక్షి అని ఏ నోటితో అంటాం? పశువుల డాక్టరు చీటీ మీద ఏటా మందు తీసుకునే పక్షిని, దాని మేతను తగలబెట్టి చిగురింపజేసే కొండను, అడవి అనటం నాకు నోరు రాదు.

తగలబెట్టటం అంటే ఉత్తమాట కాదు. ముదురు హెదర్‌లో చిగుళ్ళు తక్కువ. అందుకని చలికాలంలో, వసంతం మొదట్లో కీపర్లు దాన్ని చారలు చారలుగా కాలుస్తారు. పదేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళకోసారి ప్రతి చారా కాలుతుంది. కొత్తగా కాలిన చోట లేత మేత, పక్కనే ముదురు పొదలో దాక్కునే చోటు. విమానంలోంచి చూస్తే కొండ అతుకుల బొంతలా ఉంటుంది. గట్టి నేల మీద ఇది పెద్ద హాని చేయకపోవచ్చు. కానీ ఉత్తర ఇంగ్లండ్ కొండల్లో చాలాచోట్ల హెదర్ కింద ఉన్నది పీట్. వేల ఏళ్ళుగా నీళ్ళలో నానుతూ, పూర్తిగా కుళ్ళకుండా పేరుకుపోయిన మొక్కల నేల అది. తడిగా, స్ఫాగ్నం నాచుతో కప్పి ఉన్నంతకాలం అది కార్బన్‌ను పట్టి ఉంచుతుంది, వాననీటిని ఆపుతుంది. లీడ్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2014లో బయటపెట్టిన ఎంబర్ అధ్యయనం కాల్చిన కొండల్నీ కాల్చనివాటినీ పోల్చి చూసింది. కాల్చినచోట పీట్ ఎండిపోతోంది, అక్కణ్ణుంచి వచ్చే వాగుల్లో పురుగుల రకాలు తగ్గుతున్నాయి అని తేల్చింది. హెబ్డెన్ బ్రిడ్జ్ ఊరివాళ్ళు తమ పైనున్న కొండల మీద కాల్చటం ఆపాలని ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. 2015 డిసెంబరు 26న ఆ ఊరు నీట మునిగింది. ఆ వరదకు కాల్చటమే కారణమని నేను అనను, అంత వాన ఏ కొండ మీద పడ్డా ముంచేది. కానీ నీళ్ళు నిలపాల్సిన నేలను ఎండబెట్టటం తప్పన్నది వాళ్ళకు అనుభవంతో తెలుసు. 2021లో ప్రభుత్వం లోతైన పీట్ మీద, రక్షిత ప్రాంతాల్లో కాల్చటానికి ఆంక్షలు పెట్టింది, 2025లో వాటిని రక్షిత ప్రాంతాల బయటి కొండలకూ పెంచింది. ఆ అడుగు చాలా ఆలస్యంగా పడింది.

నన్ను అన్నిటికన్నా బాధించేది గద్దల సంగతి. హెన్ హ్యారియర్ అని పేరు. చలికాలంలో రోళ్లపాడు గడ్డిభూముల మీద తేలుతూ తిరిగే హ్యారియర్లకు ఇది చుట్టం. మగది బూడిద తెలుపు, రెక్క కొసలు నల్లన. హెదర్‌లోనే నేల మీద గూడు పెడుతుంది, గ్రౌస్ పిల్లలను తింటుంది. దాన్ని చంపటం దశాబ్దాలుగా నేరం. అయినా 2013లో ఇంగ్లండ్ మొత్తంలో ఒక్క గూడు నుంచి కూడా పిల్లలు ఎగరలేదు. మూడు వందల జతలు బతకగల కొండలున్న దేశం ఇది. 2019లో వచ్చిన ఒక పరిశోధన 58 హ్యారియర్లకు శాటిలైట్ ట్యాగులు కట్టి ఏమయ్యాయో చూసింది. వాటిలో 72 శాతాన్ని చట్టవిరుద్ధంగా చంపేశారని తేలింది, లేదా చంపి ఉండే అవకాశమే ఎక్కువ అని తేలింది. గ్రౌస్ కొండల మీదికి రాగానే ట్యాగు ఉన్నట్టుండి మూగబోతుంది, పక్షి శవం కూడా దొరకదు. కుందేళ్ళకూ ఇదే గతి పట్టింది. చలికి తెల్లబడే కొండకుందేళ్ళు పిడుదులను మోసి గ్రౌస్‌కు జబ్బు అంటిస్తాయని వేల సంఖ్యలో కాల్చారు. 2021 మార్చిలో స్కాట్లండ్ వాటికి చట్టరక్షణ ఇచ్చేదాకా అది సాగింది.

ఇక అవతలి వాళ్ళ నిజం. హ్యారియర్ గ్రౌస్‌ను తినదని ఎవరైనా అంటే అది అబద్ధం. స్కాట్లండ్ దక్షిణాన లాంగమ్ కొండ మీద 1992 నుంచి 1997 దాకా గద్దలను ఎవరూ ముట్టుకోకుండా చూశారు. గూళ్ళు పెట్టిన ఆడ హ్యారియర్లు రెండు నుంచి ఇరవైకి పెరిగాయి. గ్రౌస్ తగ్గి డ్రైవెన్ షూటింగ్ ఆగిపోయింది. కీపర్ల ఉద్యోగాలు పోయాయి. ఆ తర్వాత నక్కలు, కాకులు పెరిగి గ్రౌసే కాదు, హ్యారియర్లు కూడా తగ్గాయి. ఆటర్‌బర్న్ దగ్గర 2000 నుంచి 2008 దాకా చేసిన ప్రయోగంలో నక్కలను, కాకులను, ముంగిసలాంటి స్టోట్‌లను అదుపులో పెడితే కర్లూ, మన తీతువుకు బంధువైన ల్యాప్‌వింగ్, గోల్డెన్ ప్లోవర్ సగటున మూడింతలు ఎక్కువగా పిల్లలను పెంచగలిగాయి. కర్లూ ఈ దేశంలో ప్రమాదంలో ఉన్న పక్షి. వసంతంలో కీపర్లున్న కొండ మీద దాని కూత ఎక్కువగా వినిపిస్తుందన్నది నేను నా చెవులతో విన్న నిజం. గ్రౌస్ డబ్బు లేకపోతే 20వ శతాబ్దంలో ఈ హెదర్ కొండల్లో ఇంకా ఎన్నో కలప కోసం పెంచే స్ప్రూస్ చెట్ల తోటలకింద పోయేవి అన్నదీ నిజమే. ఒక కీపర్ కుటుంబానికి ఇల్లు, బండి, జీతం అన్నీ ఆ ఉద్యోగంతో ముడిపడి ఉంటాయి. ఆ బతుకులను తేలిగ్గా తీసిపారేసే వాదన నాకు గిట్టదు.

అయితే ఈ నిజాలు దేన్ని సమర్థిస్తున్నాయో విడదీసి చూడాలి. కర్లూ బాగుపడింది నక్కలను అదుపు చేయటం వల్ల. పీట్‌ను కాల్చటం వల్ల కాదు, కందనకాయలోకి మందు పంపటం వల్ల కాదు, హ్యారియర్‌ను మాయం చేయటం వల్ల అసలే కాదు. నేల మీద గూడు పెట్టే పక్షులకు కాపలా కావాలంటే ఆ కాపలాకు జీతం నేరుగా ఇవ్వొచ్చు. ఇప్పుడు జరుగుతున్నది కర్లూను ముందు నిలబెట్టి దాని చాటున మిగతావన్నీ సాగించటం. గ్రౌస్ ప్రమాదంలో లేదు కూడా. ఈ దేశంలో అవి రెండున్నర లక్షల జతలకు పైనే ఉన్నాయి. ఇన్ని చేయటం దాన్ని బతికించటానికి అనటం ఎలా కుదురుతుంది? రోజుకు వందల జతలు పడే వేట అనే ఒక్క వ్యాపారాన్ని బతికించటానికే ఇదంతా.

వేట పూర్తిగా మానాలని నేను అనటం లేదు. నార్వేలో దీని దాయాదిని ఇప్పటికీ వేటాడతారు. కుక్కతో, కాలినడకన, పెద్ద కొండల మీద దొరికినన్ని. తోలేవాళ్ళు లేరు, గుంటల వరసలు లేవు, పక్షులు పల్చగానే ఉంటాయి. స్కాట్లండ్‌లో కూడా కుక్కలతో నడిచి వేటాడేవాళ్ళున్నారు. ఒక రోజుకు నాలుగు పిట్టలు దొరికితే చాలనుకునేవాడికి కొండను తగలబెట్టాల్సిన అవసరం ఉండదు, గద్ద శత్రువు కాదు.

మార్పు వస్తోంది కూడా. గ్రౌస్ వేటను నిలిపేయాలని 2016లో లక్ష మందికి పైగా సంతకాలు చేస్తే పార్లమెంటులో చర్చ జరిగింది, ప్రభుత్వం మాత్రం కదల్లేదు. స్కాట్లండ్ కదిలింది. 2024లో చేసిన చట్టంతో అక్కడ గ్రౌస్ కాల్చాలంటే కొండకు లైసెన్సు ఉండాలి. గద్దలను చంపిన ఆనవాళ్ళు దొరికితే లైసెన్సు పోవచ్చు. లాంగమ్‌లో అయితే ఊరిజనమే చందాలు పోగుచేసి, 2021, 2022ల్లో రెండు విడతలుగా ఆ పాత గ్రౌస్ కొండలో పదివేల అయిదు వందల ఎకరాలు కొనేశారు. ఇప్పుడది టారస్ వ్యాలీ నేచర్ రిజర్వ్. నేత మిల్లులు మూతబడ్డ చిన్న ఊరు అది. ఒకప్పుడు ఆ కొండ మీద ఏం జరగాలో వాళ్ళను అడిగినవాళ్ళే లేరు.

ఇంగ్లండ్‌లోనూ లైసెన్సు రావాలి. అందులో నాకు కావాల్సినవి చాలా మామూలు విషయాలు. లోతైన పీట్ ఎక్కడున్నా కాల్చటం పూర్తిగా ఆగాలి. ఏ కొండ మీద ఏడాదికి ఎన్ని జతలు కాల్చారో, ఎన్ని నక్కలు, కాకులు చంపారో, ఎంత మందు వాడారో లెక్క బయట పెట్టాలి. ఏ కొండ మీద హ్యారియర్ ట్యాగులు వరసగా మూగబోతాయో ఆ కొండ లైసెన్సు నిలిపేయాలి, ఎవరు కాల్చారో కోర్టులో రుజువయ్యేదాకా ఆగకూడదు. కీపర్ల ఉద్యోగాలు నిలవాలి, పీట్ తడపటానికి, నాచు నాటటానికి, కర్లూ గూళ్ళకు కాపలా ఉండటానికి ప్రభుత్వం వాళ్ళకే జీతం ఇవ్వాలి, ఎందుకంటే ఆ కొండ వాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఇవన్నీ చేస్తే గ్రౌస్ తగ్గుతాయి. చాలా కొండల మీద డ్రైవెన్ షూట్ గిట్టుబాటు కాదు. పిల్లలు సరిగా నిలవని ఏడాది వేట రద్దయితే ఇప్పుడు దాన్ని కొండకు నష్టమని చెబుతారు. నష్టం వేట అమ్ముకునేవాడిది. మరుసటి ఏడాదికి మందు రాళ్ళు పోసి ఆ లెక్క సరిచేయాల్సిన అగత్యం కొండకూ లేదు, అక్కడి పక్షికీ లేదు.